71.4 పక్కన రాయని మాట: స్ప్రెడ్‌షీట్లలో కామెంట్ల సంగతి

ఒక మండల కేంద్రంలోని వర్షమాపకం రీడింగుల షీట్ మీ కంప్యూటర్‌లో తెరిచి ఉందనుకోండి. ఎడమ కాలమ్‌లో జులై నెల తేదీలు, పక్క కాలమ్‌లో వర్షపాతం మిల్లీమీటర్లలో. 13వ తేదీ, శనివారం: 6.2. 14వ తేదీ, ఆదివారం: గడి ఖాళీ. 15వ తేదీ, సోమవారం: 71.4.

భారత వాతావరణ శాఖ వర్గీకరణ ప్రకారం 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. దాకా కురిస్తే అది భారీ వర్షం. కాబట్టి ఈ షీట్ చూసినవారు ఎవరైనా జులై 15న ఆ ఊళ్లో భారీ వర్షం నమోదైందని రాసుకుంటారు. వారిని తప్పు పట్టలేం. అంకె అలాగే చెబుతోంది మరి.

జరిగింది వేరు. రీడింగు తీసే ఉద్యోగి ఆదివారం ఊళ్లో లేరు. సాధారణ వర్షమాపకంలో గరాటు గుండా దిగిన నీరు లోపలి సీసాలో చేరుతుంది. ఎవరో ఒకరు వచ్చి కొలిచేదాకా అక్కడే ఉంటుంది. సోమవారం ఉదయం 8:30కి ఆయన కొలిచింది రెండు రోజుల నీటిని కలిపి. అంటే శనివారం ఉదయం నుంచి సోమవారం ఉదయం దాకా, 48 గంటల్లో పడిన వాన 71.4 మి.మీ. అందులో ఏ రోజుది ఎంత అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. ఆ రెండు రోజుల్లో ఏ రోజూ భారీ వర్షం పడి ఉండకపోవచ్చు.

ఆయనకు ఈ సంగతి తెలుసు. షీటుకు తెలియదు. రెండేళ్ల తరువాత ఆయనకు బదిలీ అయితే ఇక ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు.

కాగితం రిజిస్టర్ల కాలంలో దీనికి ఒక చోటుండేది. పేజీలో అన్నిటికంటే కుడివైపున ఒక కాలమ్, దాని నెత్తిన 'రిమార్కులు' అనో 'షరా' అనో పేరు. 'షరా మామూలే' అని మనం ఇప్పటికీ అనే మాటలో ఉన్నది ఆ షరాయే. రిజిస్టరు అచ్చు వేసినప్పుడే ఆ కాలమ్ గీసి ఉండేది కాబట్టి, రాసేవారికి రాయాలన్న గుర్తు అదే చేసేది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విసికాల్క్‌తో లెక్కల కాగితం కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. ఒక అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన అంకెలన్నీ వాటంతట అవే మారే సదుపాయం కాగితానికి ఎన్నడూ లేనిది. కానీ కొత్తగా తెరిచిన స్ప్రెడ్‌షీట్‌లో షరా కాలమ్ ఉండదు. ఎవరికి వారు గుర్తుపెట్టుకుని పెట్టుకోవాలి. గడికి, అంటే సెల్‌కు, అంటించే కామెంట్ ఆ లోటును కొంతవరకు తీరుస్తుంది. ఎంతవరకు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఒకే ఖాళీ, రెండు లెక్కలు

ఒక్క ఖాళీ గడి గురించి ఇంత చర్చ ఎందుకంటారా? ఆ నెల మొత్తం వర్షపాతం 310 మి.మీ. అనుకుందాం. రోజువారీ సగటు ఎంత? ఎక్సెల్‌లో సగటు తీసే 'యావరేజ్' ఫంక్షన్ ఖాళీ గడులను లెక్కలోకి తీసుకోదు. 31కి బదులు 30తో భాగించి 10.33 అని చూపిస్తుంది. ఖాళీ బాగోలేదని ఎవరైనా అందులో సున్నా వేస్తే, 31తో భాగించి 10 అంటుంది.

ఏది ఒప్పు? ఆదివారం నీరు సోమవారం కొలతలో కలిసే ఉంది కనుక ఇక్కడ 31తో భాగించడమే సరి. అలా కాకుండా ఆదివారం ఉదయం కొలిచేలోపే సీసా ఒలికిపోయి ఆ రోజు లెక్క పోయిందనుకోండి, అప్పుడు 30తో భాగించాలి. రెండు సందర్భాల్లోనూ గడి చూడ్డానికి ఒకేలా ఖాళీగా ఉంటుంది. ఏ లెక్క సరైనదో అంకెల్లో ఎక్కడా లేదు, ఆ రోజు ఏం జరిగిందన్న మాటలోనే ఉంది.

సున్నా వేయడం వల్ల సగటు సరిపోయినా ఇంకో చిక్కు వస్తుంది. 2.5 మి.మీ. లేదా అంతకుమించి పడిన రోజును మన వాతావరణ శాఖ వర్షపు రోజుగా లెక్కిస్తుంది. సున్నా వేశాక ఆదివారం వాన లేని రోజు అయిపోయింది. అలా వర్షపు రోజుల లెక్క ఒకటి తగ్గవచ్చు, భారీ వర్షం రోజుల లెక్క ఒకటి పెరగవచ్చు. నెల మొత్తం మాత్రం సరిగ్గానే ఉంటుంది. కాబట్టి కూడిక సరిచూసేవారికి తప్పేమీ దొరకదు. ఇలాంటి పొరపాట్లలో నాకు భయం కలిగించేది ఇదే.

నోట్ వేరు, కామెంట్ వేరు

ఇప్పటి ఎక్సెల్‌లో గడి మీద కుడి క్లిక్ చేస్తే 'న్యూ కామెంట్', 'న్యూ నోట్' అని రెండు కనిపిస్తాయి. చాలాకాలం ఒక్కటే ఉండేది. పసుపు చీటీలా తెరుచుకునే దాన్నే అప్పట్లో కామెంట్ అనేవారు. 2018 తరువాత మైక్రోసాఫ్ట్ ఒకరికొకరు జవాబులు రాసుకోగల కొత్త రకం కామెంట్‌ను తెచ్చి, పాతదాని పేరును నోట్‌గా మార్చింది. పాత పుస్తకం చూసి నేర్చుకున్నవారు తికమక పడేది ఇక్కడే. నోట్ ఉన్న గడికి కుడి పై మూలన చిన్న ఎర్ర త్రికోణం ఉంటుంది. కొత్త కామెంట్ గుర్తు ఊదా రంగులో ఉంటుంది. షిఫ్ట్, ఎఫ్2 మీటలు కలిపి నొక్కితే నోట్ తెరుచుకుంటుంది. గూగుల్ షీట్స్‌లోనూ అదే పద్ధతి. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ కాల్క్‌లో కంట్రోల్, ఆల్ట్, సి మీటలు కలిపి నొక్కాలి.

ఈ రెండింటి పనీ వేరు. కామెంట్ ఒక సంభాషణ. 'ఈ 71.4 సరైనదేనా?' అని జిల్లా ఆఫీసు వారు అడుగుతారు. 'రెండు రోజులది కలిపి సార్' అని మండలం నుంచి జవాబు వస్తుంది. అడిగినవారు తృప్తిపడి 'రిజాల్వ్' నొక్కుతారు. గూగుల్ షీట్స్‌లో అలా నొక్కగానే ఆ సంభాషణ షీట్ మీది నుంచి తొలగి, కామెంట్ల చరిత్రలోకి వెళ్లిపోతుంది. పని పూర్తయినట్టే అనిపిస్తుంది. కానీ 71.4 మళ్లీ ఒంటరి అంకె అయిపోయింది. ప్రశ్న తీరిపోయాక దాని జవాబును నోట్‌గా రాసి గడికి అంటించి, ఆ తరువాతే రిజాల్వ్ నొక్కడం మంచిది.

ఏం రాయాలి

షీట్లలో నాకు తరచుగా ఎదురయ్యే నోట్లు మూడు: 'సవరించాను', 'చెక్ చేయాలి', 'సార్ చెప్పారు'. ఏది సవరించారు? ఎవరు చెక్ చేయాలి, చేశారా లేదా? ఏ సారు? రాసిన వారానికి రాసినవారికే గుర్తుండని మాటలు ఇవి. 'వర్షపాతం మిల్లీమీటర్లలో' అని ప్రతి గడికీ నోట్ పెట్టేవారూ ఉన్నారు. ఆ మాట కాలమ్ శీర్షికలో ఒక్కసారి రాస్తే చాలు. షీట్ నిండా ఎర్ర త్రికోణాలు ఉంటే ముఖ్యమైనది ఏదో తెలియక, చూసేవారు అన్నిటినీ వదిలేస్తారు.

పనికొచ్చే నోట్ ఇలా ఉంటుంది: '71.4 మి.మీ. రెండు రోజుల మొత్తం. 13 ఉదయం 8:30 నుంచి 15 ఉదయం 8:30 దాకా. 14న రీడింగు తీయలేదు. కాగితం రిజిస్టరులోనూ ఇలాగే ఉంది. రాసినది జులై 15న, రీడింగు ఉద్యోగి.' అంకె ఏమిటి, ఎందుకు మామూలుగా లేదు, ఎక్కడ సరిచూసుకోవచ్చు, ఎవరు ఎప్పుడు రాశారు అన్నీ ఇందులో ఉన్నాయి.

గడిలో ఉన్న అంకెను నోట్‌లో మళ్లీ రాయడం దేనికి అని సందేహం రావచ్చు. దానికి కారణం ఉంది. ఎక్సెల్‌లో గడిని ఎంచుకుని డిలీట్ మీట నొక్కితే లోపలి అంకె పోతుంది కానీ నోట్ పోదు. రేపు ఎవరో ఆ గడిలో 17.4 అని మార్చినా పాత నోట్ అక్కడే వేలాడుతూ ఉంటుంది. తాను వివరిస్తున్న అంకె మారిపోయిందని నోట్‌కు తెలిసే దారి లేదు. నోట్‌లో 71.4 అని, గడిలో 17.4 అని ఉంటే చదివేవారికి వెంటనే అనుమానం వస్తుంది. నోట్‌లో అంకె లేకపోతే 17.4నే రెండు రోజుల మొత్తం అనుకుంటారు.

కొన్ని సంగతులు ఒక్క గడివి కావు, కాలమ్ మొత్తానివి. వానల లెక్కలో అలాంటిది ఒకటుంది. 15వ తేదీ ఎదుట రాసేది 14 ఉదయం 8:30 నుంచి 15 ఉదయం 8:30 దాకా పడిన వాన. 14 మధ్యాహ్నం మీరు తడిసి ముద్దయిన వాన 15వ తేదీ లెక్కలో కనిపిస్తుంది. వాతావరణ శాఖలో పనిచేసేవారికి ఇది రోజూ ఉన్నదే. కానీ వానల అంకెలను ఆసుపత్రిలో జ్వరం కేసులతోనో, చెరువు నీటిమట్టంతోనో పోల్చి చూసే బయటి పరిశోధకులకు ఆ ఒక్క రోజు తేడా తెలియకపోతే పోలికే తారుమారవుతుంది. ఇలాంటి షరాను కాలమ్ శీర్షిక గడికి అంటించాలి.

ఫైలు లోపల చూస్తే

నోట్ గడికి అంటుకుని ఉన్నట్టు కనిపిస్తుంది కదా, నిజానికి అంటుకుని లేదు. దీన్ని మీరే చూడవచ్చు. ఎక్సెల్‌లో సేవ్ చేసిన ఫైలుకు ఒక నకలు తీసుకోండి. దాని పేరు చివర ఉన్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అన్న అక్షరాల స్థానంలో జిప్ అని మార్చి తెరవండి. ఎక్సెల్ ఫైలు అసలు ఒక జిప్ మూట. అందులో 'వర్క్‌షీట్స్' అనే ఫోల్డరులో షీట్‌లోని అంకెలు ఉంటాయి. నోట్లు మాత్రం 'కామెంట్స్1' అనే వేరే ఫైలులో ఉంటాయి. ప్రతి నోట్ పక్కన అది ఏ గడికి చెందినదో ఆ చిరునామా రాసి ఉంటుంది. మనం షీట్ తెరిచినప్పుడు ఎక్సెల్ ఆ రెండింటినీ కలిపి చూపిస్తుంది.

ఈ ఏర్పాటు తెలిస్తే కామెంట్ ఎక్కడెక్కడ చేయి జారుతుందో ఊహించడం తేలిక. పరిశోధకులు డేటాను ఇచ్చిపుచ్చుకోవడానికి ఎక్కువగా వాడే సీఎస్‌వీ ఫైలులో ఉండేవి గడుల్లోని విలువలు, వాటి మధ్య కామాలు, అంతే. నోట్లకు అందులో చోటే లేదు. షీట్‌ను సీఎస్‌వీగా దాచిన క్షణాన షరాలన్నీ రాలిపోతాయి. పైథాన్‌లో పాండాస్ లాంటి సాధనంతో ఎక్సెల్ ఫైలును చదివించినా అది మామూలుగా విలువలనే తీసుకుంటుంది. ఇంకో షీట్‌లో ఫార్ములా రాసి ఈ గడిని పిలిస్తే 71.4 వస్తుంది, నోట్ రాదు. 'పేస్ట్ వాల్యూస్' చేసినా అంతే. అచ్చు తీస్తే? ఎక్సెల్‌లో పేజ్ సెటప్‌లోకి వెళ్లి కామెంట్లు కూడా కావాలని చెప్తే తప్ప కాగితం మీదికి రావు.

క్లుప్తంగా చెప్పాలంటే కామెంట్ మనుషుల కోసం రాసేది, కంప్యూటర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. నోట్‌లో 'రెండు రోజుల మొత్తం' అని ఎంత స్పష్టంగా రాసినా, భారీ వర్షం రోజులను లెక్కపెట్టే ఫార్ములా 71.4ను చూసి ఒకటి కలుపుకుంటుంది. అందుకని లెక్కను మార్చగల సమాచారం ఏదైనా సరే నోట్‌లో మాత్రమే ఉండకూడదు. దానికంటూ ఒక కాలమ్ ఉండాలి.

వాతావరణ శాస్త్రంలో ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నారు. ప్రపంచ దేశాల రోజువారీ వాతావరణ రీడింగులను ఒకచోట చేర్చి అమెరికా సంస్థ నోవా నిర్వహించే జీహెచ్‌సీఎన్-డైలీ అనే భాండాగారం ఉంది. అందులో మామూలు రోజువారీ వర్షపాతానికి ఒక సంకేతం, అనేక రోజులు కలిపి కొలిచిన వర్షపాతానికి వేరే సంకేతం, ఆ మొత్తంలో ఎన్ని రోజులు కలిశాయో చెప్పడానికి మరో సంకేతం వాడతారు. మన మండల ఉద్యోగి ఎదుర్కొన్న సమస్యే అది. ప్రతి విలువ పక్కన దాని నాణ్యతను చెప్పే చిన్న గుర్తులకు కూడా విడిగా చోటుంది. అంటే రిజిస్టరులోని షరా కాలమ్‌నే కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాశారన్న మాట.

కార్ల్ బ్రోమన్, కారా వూ 2018లో 'ది అమెరికన్ స్టాటిస్టీషియన్' పత్రికలో స్ప్రెడ్‌షీట్లలో డేటాను ఎలా అమర్చుకోవాలో రాసిన వ్యాసంలోనూ ఇదే సలహా ఉంది. ఒక గడిలో ఒకే సంగతి ఉండాలి, గడులను ఖాళీగా వదలకూడదు, వివరణ ఉంటే అంకె పక్కన ఇరికించకుండా విడి కాలమ్‌లో రాయాలి, గడికి రంగు వేసి అదే సమాచారం అనుకోకూడదు అంటారు వారు. రంగుల సంగతి మనవాళ్లకు మరీ అవసరం. పసుపు రంగు అంటే 'అనుమానం' అని ఒకరు, 'సరిచూశాం' అని ఇంకొకరు అనుకునే షీట్లు ఆఫీసుకు ఒకటైనా ఉంటాయి.

మన షీట్‌కు వద్దాం. తేదీ, వర్షపాతం కాలమ్‌ల పక్కన 'ఎన్ని రోజులది', 'షరా' అని రెండు కాలమ్‌లు చేరుద్దాం. 14వ తేదీ ఎదుట వర్షపాతం గడిలో 'కొలవలేదు', రోజుల గడిలో 0. 15వ తేదీ ఎదుట 71.4, రోజుల గడిలో 2. మిగతా అన్ని తేదీలకూ 1. ఇప్పుడు రోజుల కాలమ్ కూడితే 31 వస్తుంది. నెల మొత్తాన్ని దానితో భాగిస్తే సగటు సరిగ్గా వస్తుంది. సీసా ఒలికిన నెలలో అయితే అదే కూడిక 30 వస్తుంది, సగటు అప్పుడూ సరైనదే. రోజుల గడిలో 1 ఉన్న వరుసలను మాత్రమే తీసుకుని భారీ వర్షాలు లెక్కపెట్టమంటే ఫార్ములా ఇక మోసపోదు. షరా కాలమ్‌లో రెండు ముక్కలు రాసి, మిగతా కథ నోట్‌లో చెప్పుకోవచ్చు.

కావాలని వదిలారా, మరిచిపోయారా?

షీట్‌లో కారణం రాయకపోతే ఎంత దూరం వెళ్తుందో ఆర్థికశాస్త్రంలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు ఒక పత్రం ప్రచురించారు. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన సంపన్న దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతానికి పడిపోతోందని అందులో ఉంది. ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించుకోవాలని వాదించేవారు దాన్ని విస్తృతంగా ఉదహరించారు. 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ ఆ ఫలితాన్ని తిరిగి సాధించడానికి ప్రయత్నించాడు. కుదరక రచయితలనే అడిగి అసలు ఎక్సెల్ షీట్ తెప్పించుకున్నాడు.

తెరిచి చూస్తే సగటు తీసే ఫార్ములా 30వ వరుస నుంచి 44వ వరుస దాకా ఆగిపోయింది. 49వ వరుస దాకా వెళ్లాల్సింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. ఇది నిజంగా పొరపాటే అని రచయితలు ఒప్పుకున్నారు. వార్తల్లో మార్మోగింది ఇదే, కానీ ఫలితం మీద దీని ప్రభావం తక్కువ. పెద్ద వివాదం మరో రెండింటి మీద. ఒకటి, దేశాలకు ఇచ్చిన బరువు. రెండోది, ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్‌ల యుద్ధానంతర సంవత్సరాలు కొన్ని లెక్కలో లేకపోవడం. ఆ సంవత్సరాలు వదిలేయడంతో న్యూజిలాండ్ తరఫున అధిక రుణ సంవత్సరం 1951 ఒక్కటే మిగిలింది. ఆ ఏడాది అక్కడ వృద్ధి బాగా పడిపోయింది. అన్నీ చేర్చి లెక్కిస్తే సగటు 2.2 శాతం వస్తుందని హెర్న్‌డన్, ఆయన గురువులు మైఖేల్ యాష్, రాబర్ట్ పోలిన్ చూపించారు.

ఆ సంవత్సరాల డేటా అప్పటికి సరిచూసి సిద్ధంగా లేదని, దాచింది ఏమీ లేదని రచయితలు సమాధానం చెప్పారు. కావచ్చు. కానీ ఆ సమాధానం వచ్చింది మూడేళ్ల తరువాత, ఆరోపణ వచ్చాక. ఆ గడుల మీద '1946–49 డేటా ఇంకా సరిచూడలేదు, ప్రస్తుతానికి చేర్చలేదు' అని 2010లోనే ఒక్క నోట్ ఉండి ఉంటే చర్చ వేరేగా జరిగేది. బరువుల గొడవ ఎలాగూ ఉండేదే. కానీ కావాలని వదిలారా, మరిచిపోయారా అన్న ప్రశ్న మాత్రం ఉండేది కాదు.

కామెంట్ కాని కామెంట్లు

ఫార్ములా లోపలే మాట రాసుకునే ఒక చిట్కా ఉంది. ఎక్సెల్‌లో 'ఎన్' అనే ఫంక్షన్‌కు అంకె ఇస్తే అదే అంకె తిరిగి ఇస్తుంది, మాట ఇస్తే సున్నా ఇస్తుంది. కాబట్టి సంఖ్య ఇచ్చే ఫార్ములా చివర ప్లస్ గుర్తు పెట్టి, ఎన్ ఫంక్షన్ బ్రాకెట్లలో, కొటేషన్ గుర్తుల మధ్య '31తో భాగించాను, ఎందుకంటే 14వ తేదీ నీరు 15లో ఉంది' అని రాయవచ్చు. ఫలితానికి సున్నా కలుస్తుంది, అంటే ఏమీ మారదు. ఫార్ములాను నకలు తీస్తే మాట కూడా దానితోపాటే వెళ్తుంది. అయితే ఫార్ములా పొడవు పెరిగి చదవడం కష్టమవుతుంది కనుక దీన్ని పొదుపుగా వాడాలి.

డేటా నింపేవారికి సూచన ఇవ్వాలంటే నోట్ కంటే డేటా వ్యాలిడేషన్‌లోని 'ఇన్‌పుట్ మెసేజ్' మేలు. గడిని ఎంచుకోగానే '8:30కి కొలిచినదే రాయండి' అని చిన్న చీటీ కనిపిస్తుంది. 255 అక్షరాల దాకా రాయవచ్చు. షీట్ మీద త్రికోణాల గందరగోళం కూడా ఉండదు.

ఇక ఫైలు బయటికి పంపే ముందు చూసుకోవలసినది. రాలిపోవాల్సిన చోట కామెంట్లు రాలకపోవడమూ ప్రమాదమే. ఎక్సెల్ ఫైలును అలాగే ఈమెయిల్ చేస్తే నోట్లన్నీ దానితోపాటే వెళ్తాయి, రాసినవారి పేర్లతో సహా. రోగుల పేర్లు తీసేసి వరుస సంఖ్యలు మాత్రమే పెట్టిన ఆరోగ్య సర్వే షీట్‌లో, ఒక గడి నోట్‌లో 'ఈమె ఫలానా టీచరు గారి అమ్మాయి, మళ్లీ ఫోన్ చేయాలి' అని ఉంటే పేర్లు తీసిన శ్రమంతా వృథా. షీట్‌లో నోట్లు మామూలుగా దాగి ఉంటాయి కాబట్టి కళ్లకు కనిపించవు. రివ్యూ ట్యాబ్‌లో 'షో ఆల్ నోట్స్' నొక్కితే అన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. కొత్త రకం కామెంట్లను అదే ట్యాబ్‌లోని 'షో కామెంట్స్'తో పక్క పట్టీలో చూడవచ్చు. అన్నీ చదివి, ఉంచాల్సినవి షరా కాలమ్‌లోకి మార్చుకోండి. తరువాత ఫైలుకు నకలు తీసి, ఆ నకలు మీద ఫైల్ మెనూలోని 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' నడిపితే కామెంట్లు, రచయితల వివరాలు ఉన్నాయో లేదో చూపించి, మీరు కోరితే తొలగిస్తుంది. అసలు ఫైలు మాత్రం నోట్లతో సహా మీ దగ్గరే ఉంచుకోండి. 71.4 గురించి ఎవరైనా ఫోన్ చేసి అడిగినప్పుడు తెరిచి చూడాల్సింది దాన్నే.